కాకిబంగారం ముక్క: ట్రాన్సిస్టర్‌కీ హీట్ సింక్‌కీ మధ్య దాగిన చరిత్ర

నా చేతిలో ఉన్న ఈ పొర చూడండి. కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. కాగితం కన్నా పల్చగా ఉంది, ఒక మూల చిట్లింది, మధ్యలో నల్ల మచ్చ. ఒక వినాయక చవితి పందిట్లో, మూడో రాత్రి, మా మావయ్య మైక్ సెట్ మూగబోవడానికి కారణం ఇదే. తప్పు పొరది కాదులెండి, నాది. ఆ ఆంప్లిఫయర్‌లో కొత్త ట్రాన్సిస్టర్లు బిగించింది నేనే.

ఇంట్లో అరగంట పాడింది. నేను గెలిచాననుకున్నా. పందిట్లో ఫుల్ వాల్యూమ్‌లో నాలుగు గంటలు మోగాక ట్రాన్సిస్టర్ షార్ట్ అయింది, డీసీ కరెంటు నేరుగా స్పీకర్లోకి వెళ్లి వూఫర్ కాయిల్ మాడిపోయింది. మావయ్య కమిటీ వాళ్ల అడ్వాన్స్ తిరిగిచ్చేశాడు. ఆ సీజన్ సంపాదనతోనే ఆయన ఇంటి అప్పు కట్టాలి. నన్ను తిట్టలేదు. "ఒరేయ్, తెల్ల పేస్టు రాశావా?" అని మాత్రం అడిగాడు. "పాతది కొంచెం ఉంది కదా మావయ్యా..." అన్నా. "ఎండిపోయిన పేస్టు ఉంటే ఎంత, లేకపోతే ఎంత" అన్నాడు.

ఆ మాట పట్టుకుని వెనక్కి తవ్వుకుంటూ వెళ్తే ఒక పెద్ద చరిత్రే దొరికింది.

ముందు వాల్వులు ఉండేవి. గాజు బుడ్డిలో ఎర్రగా వెలిగే ఫిలమెంట్. దాని పనే కాలడం. వేడి గాజులోంచి గాల్లోకి పోయేది, బిగించడానికి రేకూ గీకూ అక్కర్లేదు. 1947 డిసెంబర్‌లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెయిన్ మొదటి ట్రాన్సిస్టర్‌ని పనిచేయించారు. ఆ తర్వాత వాళ్లిద్దరికీ, షాక్లీకీ కలిపి 1956లో నోబెల్ వచ్చింది. మొదట్లో వాడింది జెర్మేనియం. దాంతో చిక్కేంటంటే లోపల వేడి దాదాపు 100 డిగ్రీలు దాటితే అది తట్టుకోలేదు. వాల్వ్ వేడికి భయపడదు, ట్రాన్సిస్టర్ భయపడుతుంది. ఆంప్లిఫయర్లో వేడిని బయటికి లాగడం ఒక ప్రత్యేకమైన పనిగా మారింది అక్కడే.

అందుకే 1950ల మధ్యలో టీఓ-3 అనే ఇనప టోపీ లాంటి బాడీ వచ్చింది. రెండు చెవులు, రెండు స్క్రూలు, కింద రెండు కాళ్లు. మూడో కాలు ఏదీ అంటారా? బాడీయే మూడో కాలు. లోపలి చిప్‌ని నేరుగా ఆ లోహం మీదే అతికిస్తారు, వేడి తొందరగా బయటికి రావాలని. కాబట్టి కలెక్టర్ కరెంటు కూడా బాడీలోనే ఉంటుంది. ఈ ఒక్క నిర్ణయం వల్లే ఇవాళ్టికీ రిపేర్ చేసేవాళ్లు తిప్పలు పడుతున్నారు.

1956లో హెచ్.సి. లిన్ అనే ఇంజనీరు ఒక సర్క్యూట్ ప్రచురించాడు. అవుట్‌పుట్‌లో రెండు పక్కలా ఒకే రకం ట్రాన్సిస్టర్లు వాడొచ్చు, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. 1960ల మొదట్లో ఆర్‌సీఏ కంపెనీ 2ఎన్3055 అనే సిలికాన్ ట్రాన్సిస్టర్ తెచ్చింది. ఈ రెండూ కలిశాక ఎన్ని ఆంప్లిఫయర్లు పుట్టాయో లెక్కలేదు. మన మైక్ సెట్ల వాళ్లకి ఆ నంబర్ నోటికొచ్చు, "ముప్పై యాభై అయిదు" అంటే చాలు, షాపులో తీసి ఇస్తారు. కానీ లిన్ సర్క్యూట్లో ఒక ట్రాన్సిస్టర్ కలెక్టర్ సప్లైకి, రెండోదాని కలెక్టర్ స్పీకర్ వైపుకి వెళ్తుంది. రెండింటినీ ఒకే అల్యూమినియం రేకుకి నేరుగా బిగిస్తే ఢమాల్! మధ్యలో కరెంటుని ఆపేది, వేడిని మాత్రం వదిలేది ఒకటి కావాలి.

అదే ఈ పొర. అభ్రకం. మైకా అంటాం షాపుల్లో. ఊళ్లో పెద్దవాళ్లు కాకిబంగారం అంటారు. మన నెల్లూరు వైపు గూడూరు గనులకి పేరు దీనివల్లే. ఒక ముక్క తీసుకుని గోటితో విడదీస్తే పుస్తకంలో పేజీల్లా ఊడివస్తుంది. చాలా సన్నటి పొర కూడా వేల వోల్టుల్ని ఆపుతుంది, ట్రాన్సిస్టర్ వేడి దీనికో లెక్క కాదు. చిన్నప్పుడు మెరిసే రాళ్లని ఏరుకున్నది ఇదే అని తెలిసినప్పుడు భలే అనిపించింది నాకు.

అయితే మైకా, అల్యూమినియం కంటికి నున్నగా కనిపిస్తాయి గానీ లోతుగా చూస్తే అన్నీ గుంటలే. ఆ గుంటల్లో గాలి. గాలి వేడిని కదలనివ్వదు. అందుకే సిలికోన్ నూనెలో జింక్ ఆక్సైడ్ పొడి కలిపిన తెల్ల పేస్టు వచ్చింది. లెక్క చూడండి. టీఓ-3 కింద పొడి మైకా పెడితే వాట్‌కి సుమారు 1.2 డిగ్రీల తేడా. పేస్టు రాస్తే సుమారు 0.4. ఒక్కో ట్రాన్సిస్టర్ 30 వాట్ల వేడి కక్కుతుంటే పేస్టుతో 12 డిగ్రీలు, లేకుండా 36. నేను మావయ్య ఆంప్లిఫయర్‌కి చేసిన అన్యాయం ఆ 24 డిగ్రీలు.

ఇక్కడో మోసం కూడా ఉంది. డేటాషీట్లో 2ఎన్3055కి 115 వాట్లు అని రాసి ఉంటుంది. అది కేస్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడే. కేస్ 100కి చేరితే దాదాపు 65 వాట్లే మిగులుతాయి. మన ఎండాకాలం పందిట్లో 25 ఎక్కడిది చెప్పండి?

ఇంకోటి. ట్రాన్సిస్టర్ వేడెక్కే కొద్దీ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తక్కువ బయాస్‌కే ఆన్ అవుతుంది. అంటే ఎక్కువ కరెంటు, ఇంకా వేడి, ఇంకా కరెంటు. దీన్ని అడ్డుకోవడానికి ఒక చిన్న ట్రాన్సిస్టర్‌నో డయోడ్‌నో హీట్ సింక్‌కి ఆనించి పెడతారు, అది వేడి చూసి బయాస్ తగ్గిస్తుంది. రిపేర్ చేసి దాన్ని గాల్లో వేలాడదీసి వదిలేసేవాళ్లు చాలామంది. దయచేసి వెనక్కి ఆనించండి.

తర్వాత ప్లాస్టిక్ బాడీలు వచ్చాయి. ఇప్పటి బోర్డుల మీద కనిపించే తోషిబా 2ఎస్‌సీ5200 లాంటివి. ఒక్క స్క్రూతో అయిపోతుంది, కానీ మరీ గట్టిగా బిగిస్తే అవతలి అంచు లేస్తుంది. లోపల తట్టుకునే వేడి కూడా 200 నుంచి 150కి తగ్గింది. మైకా బదులు సిలికోన్ రబ్బరు ప్యాడ్లు వచ్చాయి, పేస్టు అక్కర్లేదు, చేతికి అంటదు. నాకు మాత్రం మంచి మైకా, పల్చని పేస్టే ఇష్టం. పాత పరికరాల్లో తెల్లటి పింగాణీ లాంటి వాషర్ దొరికితే గీకొద్దు, విరగ్గొట్టొద్దు. బెరీలియం ఆక్సైడ్ అయితే దాని పొడి ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది.

మీ జేబులో ఫోన్‌లోనూ ఇదే కథ. గేమ్ ఆడితే వెనక వేడెక్కుతుంది కదా, లోపల చిప్ మీద గ్రాఫైట్ షీటో, పేస్టో ఉంటుంది. వేడిని బయటికి లాగడమే దాని పని.

మావయ్య సెట్‌ని రెండోసారి ఇలా బిగించా. పాత పేస్టు స్పిరిట్‌తో పూర్తిగా తుడిచా. రంధ్రాల అంచుల్లో చిన్న ఇనప ముల్లు ఉంది, మైకాని చీల్చింది అదే, నల్ల మచ్చా అక్కడే. సన్న గరుకు కాగితంతో తీసేశా. కొత్త మైకా, రెండు వైపులా పొగమంచంత పేస్టు, స్క్రూలకి నైలాన్ బుష్‌లు, ఒక్కో స్క్రూ మార్చి మార్చి బిగింపు. కనెక్షన్లు ఇచ్చే ముందే మల్టీమీటర్ ఒక వైరు ట్రాన్సిస్టర్ బాడీకి, రెండోది హీట్ సింక్‌కి పెట్టి చూశా. బీప్ రాలేదు. సీరీస్ బల్బ్ పెట్టి ఆన్ చేశా, ఒకసారి వెలిగి ఆరిపోయింది.

మావయ్య వచ్చి హీట్ సింక్ మీద చెయ్యి ఆనించి, రెండు పాటలయ్యేదాకా తియ్యలేదు. "వేడిగా ఉందిరా" అన్నాడు, నవ్వుతూ. అంటే వేడి బయటికి వస్తోందన్నమాట.

సీరీస్ బల్బ్ ఎలా కట్టుకోవాలో వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా. ఉంటాను ఫ్రెండ్స్.