నల్లరేగడి కింద భ్రంశరేఖలు

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిరప చేలు పరచుకున్న మైదానం పైకి ఎంత చదునుగా కనిపించినా, ఆ నల్లరేగడి అడుగున ఉన్న రాతిపొరలు ఒక యుగంలో నొక్కుకుపోయి, మరొక యుగంలో సాగి తెగిపోయినవి కాగా, ఆ రెండు చరిత్రలకూ నేటికి మిగిలిన సాక్ష్యాలలో భ్రంశాలు ముఖ్యమైనవి. రాతిలో పడిన ప్రతి పగులూ భ్రంశం కాదు. పగులుకు ఇరుపక్కల ఉన్న శిలాభాగాలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ స్థానం తప్పినప్పుడే దానిని భ్రంశం అంటారు. ఆ ఒరిపిడికి రాతిముఖం నున్నబడి, దానిమీద సన్నని సమాంతర గీతలు పడతాయి. కదలిక ఏ వాలున సాగిందో ఆ గీతల దిశే చెబుతుంది.

ఈ ప్రాంతపు శిలలను క్రమపద్ధతిలో పరిశీలించి పటాలకెక్కించిన తొలితరం వారు భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్, రాబర్ట్ బ్రూస్ ఫూట్. కడప, కర్నూలు శిలాశ్రేణుల మీద కింగ్ రాసిన గ్రంథం 1872లోనూ, పదిహేనో అక్షాంశం నుంచి మచిలీపట్నం దాకా ఉన్న తీరభూముల మీద ఫూట్ రాసినది 1879లోనూ వెలువడ్డాయి. అప్పటికి భ్రంశాలకూ భూకంపాలకూ ఉన్న సంబంధం స్పష్టపడలేదు. 1891లో జపాన్‌ను కుదిపిన భూకంపాన్ని పరిశీలించిన బుంజిరో కోటో, భ్రంశం కదలడమే కంపానికి కారణమని వాదించగా, 1906 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపంలో పక్కకు జరిగిపోయిన కంచెలనూ దారులనూ అధ్యయనం చేసిన హ్యారీ ఫీల్డింగ్ రీడ్, శిలలు చాలాకాలం వంగుతూ శక్తిని కూడబెట్టుకుని చివరకు ఒక్కసారిగా జారి విడుదల చేస్తాయని వివరించాడు.

భ్రంశాల రకాలకు స్పష్టమైన హేతువు చూపినవాడు స్కాట్లాండ్ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ మాసన్ ఆండర్సన్. భ్రంశతలం సాధారణంగా ఏటవాలుగా ఉంటుంది కనుక, దానిమీద ఆనుకుని ఉన్న శిలాభాగాన్ని పైగోడ అనీ, దాని అడుగున ఉన్నదానిని కిందిగోడ అనీ వ్యవహరిస్తారు. నేల సాగినప్పుడు పైగోడ కిందికి జారితే అది సాధారణ భ్రంశం. నేల నొక్కుకుపోయి పైగోడ మీదికి ఎక్కితే విలోమ భ్రంశం. విలోమ భ్రంశపు వాలు తక్కువగా ఉండి, ఒక శిలాఖండం మరొకదానిమీదికి చాలాదూరం నెట్టుకొస్తే అధిక్షేప భ్రంశం. రెండు పక్కలూ ఎత్తు మారకుండా అడ్డంగా జరిగితే పార్శ్వ భ్రంశం. శిలలో పరస్పరం లంబంగా పనిచేసే మూడు ఒత్తిళ్లలో నిలువుది అన్నిటికన్నా ఎక్కువైతే మొదటి రకం, అన్నిటికన్నా తక్కువైతే విలోమ, అధిక్షేప రకాలు, మధ్యస్థమైతే పార్శ్వ రకం ఏర్పడతాయని ఆండర్సన్ 1905లో నిరూపించాడు.

ఈ మైదానానికి పడమటి అంచున ఉన్నవి అధిక్షేప భ్రంశాలు. సుమారు 190 కోట్ల సంవత్సరాల కిందట పేరుకోవడం మొదలైన కడప శిలలు పడమట దాదాపు పడకమీద ఉన్నట్టే ఉండగా, తూర్పున నల్లమల, వెలిగొండల్లో మడతలు పడి, పడమటి వైపుకు నెట్టుకుపోయి ఉన్నాయి. పల్నాటిలో ఈ నెట్టుడు ఎంత బలమైనదంటే, పాతవైన నల్లమల పొరలు తమకన్నా తర్వాత పుట్టిన కర్నూలు శ్రేణి పొరల మీదికి ఎక్కి కూర్చున్నాయి.

ఇంకొంచెం తూర్పుగా, ఏల్చూరు, పురిమెట్ల, ఉప్పలపాడుల వద్ద సోడియం, పొటాషియం సమృద్ధిగా ఉన్న క్షారశిలలు వరుసగా బయటపడ్డాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సి. లీలానందం వీటన్నిటినీ కలిపి ప్రకాశం క్షారశిలా మండలంగా వర్ణించారు. ఖండం చీలేటప్పుడు ఇటువంటి శిలలు పుడతాయనీ, అవి తర్వాత నలిగి రూపుమారి కనిపిస్తే ఆ చీలిక మళ్లీ మూసుకుపోయి ఖండాలు ఢీకొన్నాయని అర్థమనీ లీలానందం, కెవిన్ బర్క్ తదితరులు 2006లో ప్రతిపాదించారు. ఈ మైదానపు చరిత్ర అంతటిలో ఇంతకన్నా ఆలోచింపజేసే విషయం లేదు: ఒకసారి తెగిన చోటే నేల అతుక్కుంటుంది, అతికిన చోటే మళ్లీ తెగడానికి సిద్ధపడుతుంది.

ఆ మళ్లీ తెగడం జరిగింది కూడా. సుమారు 13 కోట్ల సంవత్సరాల కిందట భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోతున్నప్పుడు తూర్పుతీరం పొడవునా సాధారణ భ్రంశాలు పడి, వాటి మధ్య కొన్ని పట్టీలు కుంగి లోయలుగానూ, కొన్ని కుంగకుండా గట్లుగానూ నిలిచాయి. బాపట్ల పేరు పెట్టుకున్న భూగర్భపు గట్టు కృష్ణా, పశ్చిమ గోదావరి ఉపబేసిన్లను వేరుచేస్తుంది. పైరు కింద దాని జాడ కంటికి ఆనదు కాని, చమురు అన్వేషణలో తీసిన లోతు కొలతలు దానిని బయటపెట్టాయి. ఆనాడు కుంగిన నేలలో చేరిన అవక్షేపాలే ఒంగోలు పరిసరాల్లోని బూదవాడ ఇసుకరాయి, వేమవరం షేల్, పావులూరు ఇసుకరాయి; వేమవరం పొరల్లోని మొక్కల శిలాజాలు ఆకు ఈనెలతో సహా నిలిచి ఉన్నాయి.

ఈ పాత భ్రంశాలు పూర్తిగా నిద్రపోలేదని 1967 మార్చి 27న ఒంగోలు వద్ద 5.4 తీవ్రతతో వచ్చిన భూకంపం తెలియజేసింది. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కనుక, అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉండేది. గుండ్లకమ్మ నది వెంట వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే భ్రంశాన్నీ, దానిని ఖండిస్తున్నట్టుగా అద్దంకి నుంచి నూజివీడు వైపు సాగే మరొకదానినీ భూకంప శాస్త్రజ్ఞులు ఈ సందర్భంలో తరచు ప్రస్తావిస్తారు. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరుసగా కొన్ని రోజులు స్వల్ప ప్రకంపనలు వచ్చి జనం ఇళ్లలోంచి బయటికి పరుగులు తీశారు.

నేడు భారత ఫలకం ఉత్తరాన యూరేషియా ఫలకంతో ఢీకొంటూ ఉండడం వల్ల ద్వీపకల్పమంతా నొక్కుడులో ఉంది. 1993లో మహారాష్ట్రలోని కిల్లారిని నేలమట్టం చేసిన భూకంపం విలోమ భ్రంశం మీదనే వచ్చింది. అందుచేత సాగుడు యుగంలో సాధారణ భ్రంశంగా పుట్టిన రేఖ కూడా ఈనాడు అదే తీరున కదులుతుందని చెప్పడానికి వీల్లేదు. ఒక భ్రంశం ఇప్పుడు ఎటు కదులుతున్నదో మట్టి కింద చూడలేరు కనుక, దాని చుట్టూ పలు దిక్కుల్లో ఉన్న భూకంప లేఖినుల్లో తొలి అల నేలను పైకి నెట్టిందా, కిందికి లాగిందా అన్నది చూస్తారు. నెట్టిన కేంద్రాలనూ లాగిన కేంద్రాలనూ వేరువేరుగా గుర్తించి, వాటి అమరికను బట్టి భ్రంశపు రకాన్ని తేలుస్తారు. ముండ్లమూరు వంటి స్వల్ప ప్రకంపనలకు ఈ లెక్క కుదరాలంటే లేఖినులు దగ్గరదగ్గరగా, భ్రంశానికి అన్ని వైపులా ఉండవలసిందే.