సాఫ్ట్‌వేర్ సింథసైజరు

సాఫ్ట్‌వేర్ సింథసైజరు అనగా కంప్యూటరులో వాద్యధ్వనులను పుట్టించే ప్రోగ్రాము. పాటకు పక్కవాద్యాలను సమకూర్చే సాఫ్ట్‌వేరుతో దీనిని కలిపి వాడినచో, వాద్యబృందం లేకుండానే గాయకులు సాధన చేసుకోవచ్చును. అయితే ఈ పరికరాలు పాశ్చాత్య సంగీతం కోసం రూపొందినవి కావడం వలన తెలుగువారి పాటలకు వాడేటప్పుడు కొన్ని మార్పులు అవసరమవుతాయి.

పనిచేసే విధానం

పక్కవాద్య సాఫ్ట్‌వేరులలో ప్రసిద్ధమైన బ్యాండ్-ఇన్-ఎ-బాక్స్‌ను కెనడాకు చెందిన పీజీ మ్యూజిక్ సంస్థ 1990లో విడుదల చేసింది. స్వరమేళాలను (కార్డ్‌లను) టైపు చేసి, ఒక శైలిని ఎంచుకుంటే బేస్, డ్రమ్స్, పియానో వంటి భాగాలను అది తయారు చేస్తుంది. ఈ భాగాలు 1983లో వెలువడిన మిడి ప్రమాణంలో సింథసైజరుకు చేరుతాయి. మిడి సందేశంలో ధ్వని ఉండదు. ఏ స్వరం, ఎంత బలంగా, ఎంతసేపు అన్న సమాచారమే ఉంటుంది. అందువలన ఒకే పాట వేర్వేరు సింథసైజర్లలో వేర్వేరుగా వినిపిస్తుంది.

ఆలస్యం

మీట నొక్కిన తరువాత ధ్వని వెలువడుటకు కొంత సమయం పడుతుంది. సెకనుకు 44,100 నమూనాల వేగంలో 1024 నమూనాల బఫరు వలన సుమారు 23 మిల్లీసెకండ్లు, 256 నమూనాల బఫరు వలన సుమారు 6 మిల్లీసెకండ్లు ఆలస్యమవుతుంది. ముందే తయారైన పక్కవాద్యాన్ని వినుటకు ఇది అడ్డు కాదు. కీబోర్డుపై ప్రత్యక్షంగా వాయించేవారికి మాత్రం ఇబ్బంది కలిగిస్తుంది.

తెలుగు సంగీతంలో వినియోగం

* రాగం: మోహన రాగంలో మధ్యమ, నిషాదాలు లేవు. షడ్జమం సి అయినప్పుడు ఎఫ్ మేజర్ మేళం మధ్యమాన్ని, జి మేజర్ మేళం నిషాదాన్ని తెచ్చి రాగాన్ని చెడగొడతాయి. సి మేజర్, ఏ మైనర్ మేళాలు మాత్రం రాగస్వరాలలోనే ఉంటాయి.
* గమకం: పిచ్ బెండ్ సందేశంలో 16,384 మెట్లు ఉన్నందున స్వరాన్ని నునుపుగా జార్చవచ్చును.
* తాళం: సాఫ్ట్‌వేరుతో వచ్చే శైలులలో ఎక్కువ భాగం నాలుగు లేదా మూడు లెక్కలవి. ఖండచాపు (5), మిశ్రచాపు (7) వంటి వాటికి శైలిని విడిగా తయారు చేసుకోవాలి.

స్థానిక వాద్యాలు

1991 నాటి జనరల్ మిడి జాబితాలోని 128 ధ్వనులలో భారతీయ వాద్యాలు సితార్, షెహనాయి మాత్రమే. వీణ గాని, మృదంగం గాని, భువనగిరి పరిసరాలతో సహా తెలంగాణ పల్లెలలో మ్రోగే డప్పు గాని, ఒగ్గుకథకు వాడే ఒగ్గు, డోలు గాని అందులో లేవు. హార్మోనియానికి బదులు రీడ్ ఆర్గాన్‌ను వాడవచ్చును.

లేని వాద్యాన్ని రికార్డు చేసి సౌండ్‌ఫాంట్‌గా కూర్చుకొనవచ్చును. ఉదాహరణకు డప్పుపై సిర్ర దెబ్బలను, చిటికెన పుల్ల దెబ్బలను మెల్లగాను, గట్టిగాను విడివిడిగా రికార్డు చేసి ఒక్కొక్క మీటకు కేటాయించాలి. మంట సెగకు కాచిన డప్పు చల్లారే కొద్దీ చర్మం సడలి నాదం మారుతుంది. కనుక కాచిన వెంటనే రికార్డు చేయుట మంచిది. ఇటువంటి ఫైళ్ళను ఫ్లూయిడ్‌సింత్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు చదవగలవు.

ఇవి కూడా చూడండి

* డప్పు
* ఒగ్గుకథ
* మోహన రాగం
* హార్మోనియం