దూరాన ఉన్న కంప్యూటర్‌కు తాళంచెవి

గిలకలదిండి హార్బర్‌లో వేలంపాట దగ్గర నిలబడే, బందరులో తన ఇంట్లో ఉన్న కంప్యూటర్‌ని బోటు యజమాని ఫోనులో తెరవవచ్చు. డీజిలుకెంత, ఐసుకెంత, ఎవరి బాకీ ఎంత అన్నీ చూసుకోవచ్చు. గుడివాడలో నాన్నగారి కంప్యూటర్ మొరాయిస్తే డల్లాస్‌లోని కొడుకు అక్కడినుంచే బాగుచేస్తాడు. నాన్నగారు చూస్తుండగానే మౌసు బాణం తనంతట తాను కదులుతుంది. ఇంటర్నెట్ వచ్చాక పుట్టిన విద్య అనుకుంటాం గానీ, దీని వయసు ఎనభై అయిదేళ్ల పైమాటే.

మొదలైంది ఒక ఇంటి వంటగదిలో. 1937లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ గణితవేత్త జార్జ్ స్టిబిట్జ్ పాత టెలిఫోన్ రిలేలు, టార్చిలైటు బల్బులు, పొగాకు డబ్బా నుంచి కత్తిరించిన రేకుముక్కలు వంటింటి బల్ల మీద పరుచుకుని, అంకెలు కూడే చిన్న పరికరం కట్టాడు. కిచెన్‌లో పుట్టింది కనుక దానికి ‘మోడల్ కె’ అని పేరొచ్చింది. ఆ ఆలోచనే పెరిగి న్యూయార్క్‌లో పెద్ద లెక్కల యంత్రమైంది. 1940 సెప్టెంబర్ 11న, హానోవర్‌లోని డార్ట్‌మత్ కాలేజీలో గణితవేత్తల సభ జరిగింది. స్టిబిట్జ్ యంత్రాన్ని అక్కడికి తేలేదు. ఒక టెలిటైప్ పెట్టి, తీగ మీద న్యూయార్క్‌కు కలిపాడు. ఇక్కడ లెక్క కొడితే అక్కడి యంత్రం చేసిన జవాబు కాసేపట్లోనే కాగితం మీద అచ్చయి వచ్చింది. దాన్ని కళ్లారా చూసినవారిలో జాన్ మాక్లీ ఒకరు. తర్వాత ఎనియాక్ కంప్యూటర్‌ని రూపొందించిన ఇద్దరిలో ఆయనా ఉన్నాడు.

1969 అక్టోబర్ 29 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో చార్లీ క్లైన్ అనే విద్యార్థి, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ కంప్యూటర్‌లోకి లాగిన్ కాబోయాడు. రెండక్షరాలు చేరాయో లేదో అవతలి కంప్యూటర్ కూలబడింది. గంట తర్వాత కుదిరింది. ఇంటర్నెట్‌కు తల్లివేరైన ఆర్పానెట్ మీద వెళ్లిన మొదటి సందేశమే దూరపు కంప్యూటర్‌లోకి చొరబోయే ప్రయత్నం!

దూరం సంగతి అలా తేలింది. తేలనిది తాళం. దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే పాత పద్ధతి టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగా తీగ మీద వెళ్లేది, దారిలో కాచుకున్నవాడు చదివేసుకునేవాడు. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో దొంగచాటుగా పెట్టిన ప్రోగ్రాం వేలకొద్దీ పాస్‌వర్డులు పోగేసింది. అక్కడి పరిశోధకుడు టాటు ఇలోనెన్ ఊరుకోలేదు. మాటలన్నిటినీ సంకేతలిపిలోకి మార్చి పంపే ఎస్‌ఎస్‌హెచ్ రాసి, ఆ ఏడాది జులైలో ఉచితంగా పంచిపెట్టాడు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీకి 21, టెల్‌నెట్‌కి 23 నంబరు పోర్టులు (కంప్యూటర్‌లోకి ద్వారాలు) ఉండగా మధ్యలో 22 ఖాళీగా కనబడితే అడిగి తీసుకున్నాడు. ఈ కథలో అసలు నాయకుడు ఇతనేనని నా అభిప్రాయం. సర్వర్లు నడిపేవాళ్లు చాలామంది ఇవాళ్టికీ ఆ 22 నుంచే లోపలికి వెళుతున్నారు.

అక్షరాలతో సరిపెట్టుకోకుండా తెరనే పంపే పని కేంబ్రిడ్జిలోని ఒలివెట్టి ప్రయోగశాల చేసింది. అక్కడ పుట్టిన వీఎన్‌సీ, తెర మీద మారిన భాగాన్ని మాత్రమే బొమ్మగా పంపుతుంది. మన మౌసు కదలికలు, కీబోర్డు నొక్కులు ఎదురు వెళతాయి. 1998లో దాన్నీ ఉచితంగా ఇచ్చేశారు.

అయినా ఇంటి కంప్యూటర్‌కు ఒక చిక్కు మిగిలింది. ఇంట్లో రౌటర్ వెనకున్న కంప్యూటర్‌కు బయటి లోకానికి తెలిసే సొంత నంబరు ఉండదు. వీధి పేరుండి ఇంటి నంబరు లేని చిరునామా లాంటిది. లోపలినుంచి బయటికి వెళ్లవచ్చు గానీ, బయటివాళ్లు నేరుగా రాలేరు. 2005లో జర్మనీలో మొదలైన టీమ్‌వ్యూయర్ వంటివి దీనికి ఉపాయం చూపాయి: రెండు కంప్యూటర్లూ తామే బయటికి వచ్చి, మధ్యలో ఒక సర్వర్ దగ్గర కలుసుకుంటాయి. అలా ఇది మామూలు ఇళ్లకు అందింది. కరెంటు మాత్రం ఉండాలి. దివిసీమలో గాలివానకు లైను పోతే ఏ ఉపాయమూ పారదు.

తాళం ఇంత బాగా కుదిరాక దొంగలు మనుషుల మీద పడ్డారు. ఎనీడెస్క్ వంటి యాప్ దించుకోమని, అందులో కనిపించే 9 అంకెలు చెప్పమని అడిగి, వాటితో ఫోనులోకి దూరి ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. బ్యాంకు నుంచి అన్నా, కరెంటు ఆఫీసు నుంచి అన్నా, ఫోన్ చేసిన కొత్తవాళ్లకు ఆ అంకెలు చెప్పకండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట ఇవాళే చెప్పండి. పొరపాటున చెప్పి డబ్బు పోతే, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.