దొంగతూములు, డిపెండెన్సీలు

మాది రామచంద్రపురం. ఎండాకాలంలో కాలువలు కట్టేసి పూడిక తీస్తుంటే చూస్తూ పెరిగినవాణ్ణి. అందుకే ఉద్యోగంలో చేరాక 'మెయింటెనెన్స్ విండో' అంటే ఏంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. 'అప్‌స్ట్రీమ్' కూడా అంతే. ధవళేశ్వరంలో ఏం జరిగినా శివారు పొలానికి తెలియాల్సిందే కదా!

అసలు ఈ ప్యాకేజీల గోల ఎక్కడ మొదలైందంటే, 1993లో వచ్చిన స్లాక్‌వేర్‌లో ఆర్కైవు విప్పి పెట్టేయడమే. దేనికేం కావాలో అది చూడదు (ఇప్పటికీ చూడదు, అది వాళ్ళ పంతం). 1995లో రెడ్‌హ్యాట్ వాళ్ళు ఆర్‌పీఎమ్ తెచ్చారు. ఇది ఇంకో తిక్క. ఫలానాది లేదని చెప్తుంది గానీ తెచ్చిపెట్టదు. అది వెతికి తెస్తే దానికి ఇంకోటి కావాలంటుంది. డిపెండెన్సీ నరకం అని ఊరికే అనలేదు. 1999లో డెబియన్ 2.1తో వచ్చిన ఆప్ట్ అన్నీ తనే తెచ్చుకోవడం మొదలెట్టాక జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆర్‌పీఎమ్ వాళ్ళకి ఆ సుఖం డ్యూక్ యూనివర్సిటీలో సేత్ విడాల్ వాళ్ళు రాసిన యమ్‌తో దక్కింది.

అయితే ఇవన్నీ లెక్కలో ఉన్నవాటికే. గట్టుకి కన్నం పెట్టి దొంగతూము వేసుకుంటే ఇరిగేషన్ వాళ్ళ పుస్తకంలో ఉండదు చూడండి, సర్వర్‌లో మనం చేత్తో కంపైల్ చేసి పెట్టిందీ అంతే.

నేను చూసే ఒక సర్వర్ సెంట్ఓఎస్ 7 మీద ఉండేది. 2024 జూన్ 30తో దాని సపోర్టు అయిపోయింది. మర్నాటి నుంచి యమ్‌కి మిర్రర్ల జాబితా దొరకదు. పాత ప్యాకేజీలుండే వాల్ట్‌కి దారి మళ్ళించి, ఉన్నవన్నీ అప్‌డేట్ చేసి, "అంతా ప్యాచ్ అయింది" అని క్లయింటుకి మెయిల్ కొట్టేశాను.

రెండ్రోజులాగి ఎందుకో ఎల్‌డీడీ కొట్టి చూస్తే, అప్లికేషన్ వాడుతున్నది యమ్ ఇచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కాదు. పైథాన్ 3.10కి 1.1.1 ఉండాల్సిందే, సెంట్ఓఎస్ 7లో ఉండేది 1.0.2. అందుకని నాకంటే ముందున్నాయన ఎవరో సొంతంగా కంపైల్ చేసి యూఎస్ఆర్ లోకల్‌లో పెట్టేసి వెళ్ళిపోయాడు. ఆ 1.1.1కి కూడా 2023 సెప్టెంబరులోనే సపోర్టు అయిపోయింది. ఆర్‌పీఎమ్‌ని అడిగితే ఆ ఫైలు ఏ ప్యాకేజీదీ కాదంది. అది అబద్ధం చెప్పలేదు, చెప్పింది నేనే.

ఆయన్ని తిట్టుకోలేను. ఆ రోజున గడువు నాకున్నా అదే చేసేవాణ్ణి.

మళ్ళీ మెయిల్ రాశాను, మొదటిది తప్పని. ఒళ్ళు చచ్చిపోయిందనుకోండి. మూడు వారాలు పట్టింది కొత్త మిషన్ మీదకి మార్చడానికి. పాతది మాత్రం ఆపనివ్వలేదు. నెలాఖరు రిపోర్టు ఒకటి ఇంకా దానిమీదే నడుస్తోంది.