పాలిస్టర్ ఊళ్ళో నూలు దారం

1995 జనవరి. అంతకు నాలుగు నెలల కింద సూరత్‌లో ప్లేగు వచ్చింది. లక్షల మంది దొరికిన రైలెక్కి ఊరొదిలారు. మేమూ సిరిసిల్ల పోయి, రోగం తగ్గాక తిరిగి సూరత్‌లో మేముండే లింబాయత్ చేరాం. సాంచాలు (మరమగ్గాలు) ఆగితే మీటరు లెక్కన కూలి తీసుకునే మనిషికి ఏముంటుంది? మా ఇంట్లో బియ్యానికే అప్పు. అలాంటి ఏడు పతంగుల పండగ ఉత్తరాయణ్ వచ్చింది. నాకప్పుడు పదేళ్ళు.

ఆ రోజు ఊళ్ళో ఎవరూ నేల మీద ఉండరు. మేడలన్నీ కిక్కిరిసిపోతాయి, ఒక్కో పతంగి తెగినప్పుడల్లా "కాయ్‌పో ఛే" అని గల్లీ మొత్తం అరుస్తుంది. జనవరి 14 చాలక 15న వాసీ ఉత్తరాయణ్ కూడా చేస్తారు. ఫిర్కీ నిండా మాంజా, చంకలో డజను పతంగులు ఉన్న పిల్లల పక్కన నేనూ తమ్ముడూ ఉత్త చేతులతో నిలబడ్డాం.

సూరత్‌లో ఉండి దారానికి కరువేమిటని అడగొచ్చు. బాపు పన్నెండు గంటల షిఫ్టు దిగి వచ్చి అంగీ దులిపితే పోగులు రాలేవి. ఖాతాలో, అంటే సాంచాల షెడ్డులో, పారేసే దారం తెచ్చి పతంగికి కట్టాం కూడా. అది పాలిస్టర్. లాగితే సాగుతుంది, చెయ్యి ఇక్కడ గుంజితే పైన పతంగికి తెలియదు. నున్నగా ఉంటుంది కాబట్టి వేసిన ముడి దానంతటదే జారిపోతుంది. గంజి పట్టిస్తే ఎండాక పొట్టులా రాలిపోయింది. పతంగికి నూలే కావాలి. పగలూ రాత్రీ బట్ట నేసే ఆ ఊళ్ళో మాకు దొరకనిది అదొక్కటే.

ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఈ ఊరి పేరే ఒకప్పుడు పత్తికి పేరు. 1611లో మన మచిలీపట్నంలో, 1613లో ఇక్కడ ఇంగ్లీషు కంపెనీ కోఠీ పెట్టింది ముఖ్యంగా బట్ట కోసమే. 1861-65లో అమెరికాలో అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఆగిపోతే, లాంకషైర్ మిల్లులు మన దేశపు పత్తి మీద పడ్డాయి. దాన్ని వాళ్ళు 'సూరత్' అనే పిలిచారు. పింజ పొట్టిది, మాటిమాటికీ తెగేది, అక్కడి నేతగాళ్ళు దానితో నానా తిప్పలూ పడ్డారు. తర్వాతి కాలంలో ఈ ఊరు ఆర్ట్ సిల్క్‌కు, ఆపైన నైలాన్, పాలిస్టర్‌కు మళ్ళింది. షోలాపూర్, భివండి పోయినట్టే మా పద్మశాలీలు కరీంనగర్, వరంగల్ వైపు నుంచి చేమగ్గం వదిలి ఇక్కడికీ వచ్చారు. కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడిపేంతగా స్థిరపడ్డారు.

దర్జీ దగ్గర రీలు కొనే స్తోమత లేదు కాబట్టి మేం తెగిన దారం మీద పడ్డాం. అర గజం దారానికి రాయి కట్టి విసిరితే అది లంగర్. మేడ పక్క నుంచి జారిపోయే తెగిన దారాన్ని అది చుట్టుకుని కిందికి లాగుతుంది. వెదురు కర్ర కొసన ముళ్ళకంప కట్టుకుని పరిగెత్తేవాళ్ళు వేరే. సాయంత్రానికి గులాబీ, పసుపు, పచ్చ రంగుల్లో మూర పొడుగువి, బార పొడుగువి గుట్టగా పోగయ్యాయి. చిరిగిన పతంగులకు కొట్టువాళ్ళు అమ్మే గోందు పట్టీ కొనలేదు, అన్నం మెతుకులతో పాత నోట్‌బుక్కు కాగితం అతికాం.

ముక్కలన్నీ మేం ముడి మీద ముడి వేసి కలుపుతుంటే బాపు చూసి నవ్వలేదు. పక్కన కూర్చున్నాడు.

"గట్ల గాదు బిడ్డా. గంత లావు ముడేస్తే పేచీల గది చిక్కుకుంటది, తెగుతది."

రెండు కొసలూ ఎడమ బొటనవేలి కింద అడ్డంగా పెట్టాడు. కుడిచేతి దారాన్ని వేలి మీదుగా తిప్పి, ఒక కొస వెనక నుంచి, రెండో కొస ముందు నుంచి తెచ్చాడు. ముందు కొసను ఆ ఉచ్చులో దూర్చి, మెల్లగా బిగించాడు. గోటితో తడిమితే గానీ ముడి ఉందని తెలియలేదు. పడుగులో పోగు తెగినప్పుడు వేసే ముడి అది. పన్నె పళ్ళ మధ్య నుంచి ఆగకుండా పోవాలి కాబట్టి అంత సన్నగా వేస్తారు. ఆ రాత్రి మాకు అన్నం చల్లారిపోయింది, అమ్మ పిలిచి పిలిచి ఊరుకుంది.

గాజు అంటిన మాంజా ముక్కలను బాపు పతంగి వైపు పెట్టించాడు. పేచీ జరిగేది అక్కడే కదా. చేతి వైపు సాదా దారం చాలు. ఖర్చు తగ్గుతుంది, వేళ్ళూ తెగవు. ఖాతాలో మూలన పడ్డ కర్ర బాబిను, రెండు పక్కలా చక్రాల్లా అంచులున్నది, అడిగి తెచ్చి మధ్యలో చీపురు కర్ర దూర్చాడు. అదే మా ఫిర్కీ.

మరుసటేడు చేతిలో నాలుగు డబ్బులు ఆడాక మమ్మల్ని డబ్గర్‌వాడ్ తీసుకుపోయాడు. సూర్తీ మాంజాకు పేరున్న చోటు. ఆరు తార్, తొమ్మిది తార్ (పోగుల) నూలు దారం రోడ్డు పక్కన చాచి, గాజుపొడి, అన్నపు జిగురు, రంగు కలిపిన లుగ్దీ ముద్దను గుడ్డ చుట్టుకున్న వేళ్ళతో పట్టుకుని దారం వెంట నడుస్తున్నారు. బాపు చాలాసేపు కదల్లేదు.

"ఇది మన గంజి పనే గదరా," అన్నాడు.

తాత సిరిసిల్ల వాడకట్టులో పొద్దున్నే పడుగు చాచి గంజి పెట్టి కుంచెతో తోమేవాడట. గంజి పల్చనైతే పోగు నూగు లేస్తుంది, చిక్కనైతే పెళుసెక్కి విరుగుతుంది. లుగ్దీకీ అదే లెక్క. ఒక పక్కన గాజు ఉంది, రెండో పక్కన లేదు, అంతే తేడా. చేమగ్గం వదిలొచ్చిన ఇన్నేళ్ళకు బాపు తన పని ఈ ఊరి రోడ్డు మీద చూశాడు.

ఆ తర్వాత నైలాన్ మాంజా వచ్చింది. చౌక, గట్టిది. లేని ఇళ్ళ పిల్లలే దాన్ని ఎక్కువ కొన్నారు, వాళ్ళను నేను తప్పు పట్టలేను. కానీ నూలు బరువు పడితే తెగుతుంది, అది తెగదు. పక్షుల రెక్కలు, బండి మీద పోయేవాళ్ళ గొంతులు కోసేస్తుంది. 2017 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్, సింథటిక్ మాంజాను దేశమంతటా నిషేధించింది. అయినా ఉత్తరాయణ్ నాడు సూరత్ ఫ్లైఓవర్ల మీదికి బైకులను రానివ్వరు. హ్యాండిల్‌కు ఇనుప తీగ వంచి కట్టుకుని తిరిగే బండ్లు జనవరిలో ఎక్కడైనా కనిపిస్తాయి. మా అమ్మాయికి నేను మెడకు మఫ్లరు చుట్టే పంపుతాను.

ఇప్పుడు వాటర్‌జెట్ మగ్గాలకు నాడె లేదు, కండె లేదు. కర్ర బాబిన్లు చాలా ఇళ్ళలో నీళ్ళ పొయ్యి కిందికి పోయాయి. మాది ఉంది. మొన్న దారం విప్పి మా అమ్మాయి లెక్కపెట్టింది: మొదటి పది బారల్లో ముప్పై ఒక్క ముడి. అందులో లావుగా ఉన్నవి నాలుగు, అవి బాపు వచ్చి కూర్చోకముందు నేనూ తమ్ముడూ వేసినవి.