కేడీ రిజిస్టరు - స్టువర్టుపురం

అల్లరి పిల్లవాణ్ని "కేడీ వెధవా" అని ముద్దుగా తిడుతూ ఉంటాం. ఆ మాట మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసు రికార్డులది. పేరుపడ్డ నేరస్థుల జాబితాకు పెట్టుకున్న రెండు ఇంగ్లీషు పొడి అక్షరాలు. స్టేషన్ రైటరుగా పనిచేసిన నాకు వాటితో చాలాకాలం పరిచయం.

వ్యక్తిని అనుమానించడం ఒక ఎత్తు, కులాన్నే అనుమానించడం ఇంకో ఎత్తు. ఆ రెండో పని 1871 నాటి నేరస్థ తెగల చట్టం చేసింది. 1911లో సవరించాక అది మన ప్రాంతానికీ వచ్చింది. కోస్తా నుంచి ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న ఎరుకలవారి వ్యాపారాన్ని రైళ్లు, సర్కారు ఉప్పు విధానం దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయినవాళ్ల మీద నేరస్థులనే ముద్ర పడింది.

అప్పుడు ప్రభుత్వం సంఘసేవకులను పిలిచింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటును రక్షణ సైన్యానికి (సాల్వేషన్ ఆర్మీకి) అప్పగించింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఆ ఊరి పేరు. అక్కడ భూములిచ్చారు, బడి పెట్టారు. చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీలో కూలిపని దొరికింది. ఇంతవరకు మెచ్చుకోవలసిందే. కాని మందిచ్చే చెయ్యే హాజరు పట్టీ కూడా పట్టుకుంది. పాసు లేకుండా ఊరు దాటడానికి లేదు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం కూడా చట్టంలోనే ఉంది. కష్టం చెప్పుకోవలసిన మనిషే కాపలాదారయితే ఎవరు నోరు విప్పుతారు? సేవ, పోలీసు పని రెండూ ఒకే చేతిలో పెట్టడమే అసలు పొరపాటని నా అభిప్రాయం.

నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్యగారు ఈ చట్టం పోవాలని పట్టుబట్టిన వారిలో ముఖ్యులు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అయితే దాని స్థానంలో అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు వచ్చాయి. స్టేషన్లో పాత అనుమానమూ అంత తేలిగ్గా పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా మొదట ఆ ఊరి పేరే నోటికొచ్చేది.

1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు అదే ఊళ్లో సంస్కరణ పని మొదలుపెట్టారు. ఆమె జాషువాగారి కుమార్తె, ఆయన గోరాగారి కుమారుడు. వాళ్ల చేతిలో హాజరు పట్టీ లేదు, శిక్షించే అధికారం లేదు. ఉన్నదల్లా ఇళ్ల అరుగుల మీద కూర్చుని మాట్లాడే ఓపిక. హేమలతగారు 2008లో, లవణంగారు 2015లో కన్నుమూశారు. సినిమావాళ్లు మాత్రం ఆ ఊరిని ఇంకా వదల్లేదు. 1991లో "స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్" తీశారు, 2023లో టైగర్ నాగేశ్వరరావు కథ తీశారు. ఆ ఊరి పిల్లలు ఇప్పటికీ ఉద్యోగం దరఖాస్తులో సొంత ఊరి పేరు రాయాలి కదా.