ఓవర్‌క్లాకింగ్, కోర్ అన్‌లాకింగ్

ప్రాసెసర్‌ను తయారీదారు నిర్ణయించిన వేగానికి మించి నడపడం ఓవర్‌క్లాకింగ్. చిప్‌లో ఉండీ కంపెనీ మూసేసిన కోర్లను తిరిగి పనిచేయించడం కోర్ అన్‌లాకింగ్.

ఈ రెండింటికీ పేరుపడిన ప్రాసెసర్ 2009లో ఏఎండీ తెచ్చిన ఫినామ్ 2 ఎక్స్2 550 బ్లాక్ ఎడిషన్. 200 మెగాహెర్ట్జ్ మూల క్లాక్‌ను 15.5తో గుణిస్తే వచ్చే 3.1 గిగాహెర్ట్జ్ దాని అసలు వేగం. గుణకానికి తాళం లేదు కనుక బయాస్‌లో దాన్ని 17కు మారిస్తే వేగం 3.4 గిగాహెర్ట్జ్ అవుతుంది.

నిజానికి ఇది రెండు కోర్లు మూసిన నాలుగు కోర్ల చిప్. ఎస్‌బీ750 చిప్ ఉన్న కొన్ని మదర్‌బోర్డుల్లో అడ్వాన్స్‌డ్ క్లాక్ క్యాలిబ్రేషన్‌ను ఆన్ చేస్తే ఆ రెండూ మేల్కొనేవి. అయితే లోపమున్న కోర్లు తెరిస్తే కంప్యూటర్ బూట్ కాదు, లేదా పని మధ్యలో నిలిచిపోతుంది. అందుకే ప్రైమ్95 వంటి పరీక్షను గంటల తరబడి నడిపి చూడాలి.

అసలు హద్దు వేడి. వేగం పెంచకుండా వోల్టేజిని 10 శాతం పెంచినా విద్యుత్ వినియోగం దాదాపు 21 శాతం పెరుగుతుంది. సంగారెడ్డి జిల్లాలోని ఇంద్రేశం, పటాన్‌చెరు ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది; చలికాలంలో నిలకడగా నడిచిన సెట్టింగ్ మే నెలలో విఫలం కావచ్చు. హీట్‌సింక్ దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్చాకే ఈ పనికి పూనుకోవాలి. జాగ్రత్తగా చేస్తే పాత కంప్యూటర్ మరికొన్నేళ్లు అక్కరకొస్తుంది.